గడియ వేసిన గది

మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో యేసు మూడు సాధనలను పేర్కొంటాడు: దానం, ప్రార్థన, ఉపవాసం. వీటిని చేయవలెనా, మానవలెనా అన్న చర్చ అక్కడ కనిపించదు. శిష్యుడైనవాడు చేస్తాడన్న నమ్మకంతోనే, ఏ తీరున చేయాలో మాత్రం ఆయన చెబుతాడు. ఒక చేయి ఇచ్చిన సంగతి రెండవ చేతికి తెలియరాదు. ప్రార్థించేవాడు గదిలోకి పోయి తలుపు మూసుకోవాలి. ఉపవాసమున్నవాడు ముఖం కడుక్కొని, తలకు నూనె రాసుకొని, నలుగురిలో మామూలుగా తిరగాలి. బాహ్యాడంబరంతో కూడిన భక్తిని వేమన ఎంత కఠినంగా తూర్పారబట్టాడో ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ హెచ్చరిక కొత్తది కాదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. సాధన అంతా మూసిన తలుపు వెనుకనే జరిగితే, అది ఫలించిందో లేదో తెలిసేదెట్లా? సాధకుని మాటే ప్రమాణమనుకొందామా అంటే, తన్ను తాను మోసగించుకోవడంలో మనిషికి ఉన్న నేర్పు తక్కువది కాదు. ఈ ప్రశ్నకు తర్కంలో కాక జీవితాలలో సమాధానం వెతకదలచినవారికి, ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఢిల్లీ కాశ్మీరీ గేటు పరిసరాలలో కలుసుకొన్న కొందరి చరిత్ర ఎంతో ఉపకరిస్తుంది.

1877లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన కొందరు యువకులు ఢిల్లీలో ఒక మిషనును స్థాపించారు. ప్రాచీన అలెగ్జాండ్రియాలో గ్రీకుల జ్ఞానమూ క్రైస్తవ విశ్వాసమూ ఒకదానినొకటి ఎరిగినట్లు, ఈ దేశపు చింతనతో తమ మతం పరిచయం పెంచుకోవాలన్నది వారికి ప్రేరణ ఇచ్చిన వెస్ట్‌కాట్ పండితుని ఆశయం. వారు అవివాహితులై, ఒకే ఇంట, ఒకే నియమానికి లోబడి జీవించారు. 1881లో వారు ప్రారంభించిన సెయింట్ స్టీఫెన్స్ కళాశాల 1891లో కాశ్మీరీ గేటు వద్ద స్వంత భవనంలో ప్రవేశించింది.

ఆ నియమంలో ప్రధానమైనవి ఉదయ సాయంకాల ప్రార్థనలు. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం నూట యేబది కీర్తనలను 30 దినాలకు, దినానికి రెండు పూటలకు పంచిపెడుతుంది. ఆ క్రమం పాటించేవాడు నెలకొకసారి కీర్తనల గ్రంథమంతా చదువుతాడు. ఇందులోని గుణం పైకి కనిపించేదానికంటె లోతైనది. మనస్సు ఉల్లాసంగా ఉన్న పూట విలాప కీర్తన రావచ్చు. దుఃఖంలో ఉన్న పూట స్తోత్ర కీర్తన రావచ్చు. ఏది వస్తే అది చదవాలి. తనకు కలుగని దుఃఖాన్ని అనుదినం నోటితో పలుకుతూ ఉంటే, ఆ దుఃఖం కలిగినవాడొకడు లోకంలో ఉన్నాడన్న స్మృతి నెమ్మదిగా అలవడుతుంది. ప్రార్థనను మనోభావం ఇష్టానికి విడిచిపెట్టక, ఒక క్రమానికి కట్టివేయడంలోని ప్రయోజనం ఇదే.

కాని నియమానికి ఒక ఆపద కూడా ఉంది. ఆ మిషను వారు ఎంత నిష్ఠాపరులైనా, పాలించే జాతికి చెందినవారు. కీర్తనలు క్రమం తప్పక చదివి, పథ్యంగా భుజించి, ఆదాయాన్ని విడిచిపెట్టిన మనిషి కూడా, పక్కనున్న భారతీయుని కంటె తాను ఒక మెట్టు పైన ఉన్నానన్న భావాన్ని విడవకుండా ఉండగలడు. ఆ భావం ఉపవాసంతో చిక్కిపోయేది కాదు. దాన్ని త్యజించే సందర్భం గదిలో రాదు. గది వెలుపల వస్తుంది.

అట్టి సందర్భం 1906లో వచ్చింది. చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ 1904 మార్చి 20న ఈ దేశంలో అడుగుపెట్టి, ఆ కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. ఆ తేదీని ఆయన తన రెండవ జన్మదినంగా తలచేవారు. రెండేండ్లకే ప్రిన్సిపాలు పదవి ఖాళీ అయింది. బెంగాలీ క్రైస్తవులైన సుశీల్ కుమార్ రుద్ర 1886 నుండి అక్కడ బోధిస్తున్నారు. అయినా ఆ పదవిలో ఆంగ్లేయుడే ఉండాలన్న అభిప్రాయం పెద్దలలో కొందరికి ఉండింది. ఆండ్రూస్ దాన్ని అంగీకరించలేదు. తనకు రాదగిన పదవిని కాదని, రుద్రనే నియమించాలని పట్టుబట్టారు. ఆ విధంగా రుద్ర ఆ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాలు అయ్యారు. 1923 దాకా ఆ బాధ్యత వహించారు. ఆండ్రూస్ ఏకాంత ప్రార్థనలలో ఏమి జరిగిందో ఎవరూ చూడలేదు. ఆయన మరొకరికి చోటు ఇవ్వడం మాత్రం అందరూ చూశారు.

రుద్ర జీవితంలో సన్యాస చిహ్నాలేవీ లేవు. భార్య యౌవనంలోనే మరణించగా పిల్లలను పెంచి, విద్యార్థులను తీర్చి, మితభాషిగా కాలం గడిపిన గృహస్థు ఆయన. 1915లో ఢిల్లీకి వచ్చిన గాంధీజీకి ఆయన ఇల్లే విడిది అయింది. 1920లో ఖిలాఫత్ విషయమై వైస్రాయికి రాసిన లేఖ ఆ ఇంటనే రూపొందింది. ప్రభుత్వంతో పోరాడబోయే అతిథి వలన గృహస్థునికీ కళాశాలకూ ఇబ్బంది కలుగుతుందేమోనని గాంధీజీ సంకోచించారు. వేరొక చోటికి పోదునా అని అడిగారు. రుద్ర ఇచ్చిన సమాధానాన్ని, 1925లో ఆయన మరణానంతరం, గాంధీజీయే లోకానికి తెలిపారు. తన అభిప్రాయాలలో కొన్ని దీర్ఘమైన ప్రార్థన తరువాత ఏర్పడినవనీ, ఆంగ్లేయుల వద్ద తనకున్న పలుకుబడి పోవడమా, ఈ స్నేహం పోవడమా అన్న ప్రశ్నే వస్తే తాను దేన్ని ఎన్నుకొనేదీ తనకు తెలుసుననీ ఆ సమాధానం తాత్పర్యం. గాంధీజీ అక్కడే ఉండిపోయారు.

ఆ ప్రార్థనలు ఎన్ని గంటలు సాగాయో ఎవరూ లెక్కించలేదు. ఒక భయం రావలసిన చోట అది రాకపోవడమే వాటి ఫలం.

ఇదే కాలంలో, ఇదే స్నేహితుల వలయంలో, మరొక విధమైన సాధన కూడా పరీక్షకు వచ్చింది. ఫిలడెల్ఫియా నుండి 21 ఏండ్ల వయస్సులో కుష్ఠురోగుల సేవకై వచ్చిన శామ్యూల్ స్టోక్స్ కాషాయం ధరించి, కాలినడకన సిమ్లా కొండలలో సంచరించేవారు. 1905లో సిమ్లాలో బాప్తిస్మం పొందిన సిక్కు యువకుడు సుందర్ సింగ్ కూడా అట్టి జీవితాన్నే ఎన్నుకొన్నారు. అస్సీసీకి చెందిన ఫ్రాన్సిస్ మార్గాన్ని ఈ దేశంలో నెలకొల్పాలన్న ఆశతో, 1910లో స్టోక్స్, ఢిల్లీ కేంబ్రిడ్జి మిషనుకు చెందిన వెస్టర్న్‌తో కలిసి, యేసును అనుకరించే సహోదరుల సంఘాన్ని స్థాపించారు. ఆండ్రూస్ దానికి తోడుగా నిలిచారు.

ఆ సాధన కఠినమైనది, నిజాయితీ కలది. కాని కంటికి కనిపించే సాధనకు లోకం వెంటనే కొలబద్ద పెడుతుంది. 1913లో సుందర్ సింగ్ క్రీస్తువలె నలభై దినాలు ఉపవసించాలని అరణ్యంలోకి వెళ్లారు. స్పృహ తప్పిన స్థితిలో ఆయనను అక్కడి నుండి తీసుకొని వచ్చారు. తరువాతి కాలంలో ఐరోపా పండితులు ఆ ఉపవాసం నిజంగా ఎన్నాళ్లు జరిగిందని ఘోరంగా వాదించుకొన్నారు. ఉపవాసం దేవునికీ ఆ మనిషికీ మధ్య ఉండవలసింది. అది పత్రికలలో లెక్కల తగాదా అయింది. ముఖం కడుక్కోమన్న సువార్త వాక్యంలోని వివేకం ఇక్కడ బోధపడుతుంది.

స్టోక్స్ వేరొక మార్గాన ఈ సత్యాన్ని చేరుకొన్నారు. కాషాయం ధరించిన తెల్లవానికి జనం నమస్కరిస్తారు గాని, తమలో ఒకనిగా ఎంచరని ఆయనకు తోచింది. 1912లో కోట్‌గఢ్ ప్రాంతపు భారతీయ యువతిని వివాహమాడి, సన్యాసం విడిచి, కొండ రైతులలో ఒకరుగా స్థిరపడ్డారు. రెండేండ్లు నిండేసరికే ఆ సహోదర సంఘానికి మూలస్తంభం తొలగిపోయింది. అయితే ఆయన 1921లో కొండ ప్రజలపై సాగే వెట్టిచాకిరికి వ్యతిరేకంగా పోరాడి, ఆ ఏడే స్వాతంత్ర్యోద్యమంలో చెరసాలకు వెళ్లారు. 1932లో హిందూమతం స్వీకరించి సత్యానంద్ అయ్యారు. ఆ మలుపు క్రైస్తవ మిత్రులకు బాధ కలిగించి ఉండవచ్చు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి: సాధన ఎల్లప్పుడు సాధకుడు అనుకొన్న రేవుకే చేర్చదు.

ఆండ్రూస్ జీవితమూ మిషను హద్దులలో నిలువలేదు. దక్షిణాఫ్రికాలోని భారతీయుల పోరాటానికి తాను దాచుకొన్న ధనమంతా గోఖలేకు ఇచ్చి, 1914 జనవరిలో తానే అక్కడికి వెళ్లారు. ఆ ఏడే మిషనును వదలి శాంతినికేతనం చేరారు. 1915లో పియర్సన్‌తో కలిసి ఫిజీ ద్వీపాలలోని ఒప్పంద కూలీల స్థితిని విచారించారు. 1903 నుండి మద్రాసు రేవు గుండా ఆ ద్వీపాలకు పోయినవారిలో తెలుగు కూలీలు అనేకులు. వారికి అంటగట్టిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి. ఆ విముక్తిలో ఆండ్రూస్ పాత్ర పెద్దది. దీనబంధు అన్న పేరు ఆయనకు ఊరక రాలేదు. మిషను ఇంటి నియమాన్ని ఆయన విడిచారు గాని, వేకువ మౌనాన్ని విడువలేదు. 1933లో ఆయన ప్రకటించిన గ్రంథానికి మౌనంలోని క్రీస్తు అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు.

తెలుగు నేల మీద కూడా ఈ ప్రశ్న వినిపించింది. దోర్నకల్లులో సేవచేస్తున్న వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1910 ఎడిన్‌బరో మహాసభలో, విదేశ మిషనరీల త్యాగాలను మెచ్చుకొంటూనే, ఇంతకంటె తమకు స్నేహం కావాలని అడిగారు. సర్వస్వం ఇచ్చినవాడు కూడా సమానత్వాన్ని ఇవ్వక దాచుకోగలడని ఆయన గ్రహించారు. 1912లో ఆయనే దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పీఠమెక్కిన తొలి భారతీయుడు ఆయన.

కనుక విశ్వాసంలో ఎదగగోరే క్రైస్తవుడు సాధనలను మానవలసిన పని లేదు. దినానికి రెండు పూటల కీర్తనలు, భోజనానికి ముందు కొంత మౌనం, వారానికొక ఉపవాసం, లెక్కచూడని దానం — ఇవి పాతబడలేదు. కాని తలుపు మూసుకొన్నవాడు మళ్లీ గడియ తీసి వీధిలోకి రాక తప్పదు. అక్కడ తనకంటె ముందు నడువదగినవాడు ఎదురైనప్పుడు పక్కకు తొలగగలిగితే, ఆ గదిలో గడిపిన గంట వ్యర్థం కాలేదు. తొలగలేకపోతే సాధన విఫలమైందని నిరాశపడనక్కరలేదు. మరునాటి ఉదయం చదువవలసిన కీర్తన ఆ క్రమంలో ఉండనే ఉంటుంది.