రెండు వేళ్ల ఎత్తు

మా తమ్ముడు చెన్నైలో ఇంజనీరు. శ్రీపెరంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో గల పందెపు బాటపై తన స్విఫ్ట్ కారును పరుగెత్తించడం వాడి ఏకైక వ్యసనం. ఛందస్సులో గణవిభజన తప్ప వేరొకటి ఎరుగని నాకు ఆ విద్యతో పరిచయం కలిగింది ఒక రంజాన్ సెలవుల్లో.

వాడు తెచ్చిన కారు నేలను కరచుకున్నట్లుండెను. పందెం కోసం నలభై మిల్లీమీటర్లు, అనగా రమారమి రెండు వేళ్లు, దించాడట. మా వీధి మొగలోని స్పీడుబ్రేకరుపై దాని అడుగు గీసుకున్న చప్పుడుకు ఇరుగుపొరుగు బయటికి వచ్చారు. అంతకన్న అమ్మీ మౌనం నన్ను బాధించింది. మోకాళ్ల నొప్పులు గల ఆమె ఆ సీటులో కూర్చున్నదే గాని లేవలేకపోయింది. చెరొక చేయి పట్టి లేపాము. "ఈ బండిలో నన్నెక్కడికీ తీసుకుపోవద్దు, బేటా" అన్నది. ఆ కారు కొన్ననాడు తొలుత కూర్చున్నది ఆమెయే.

రాత్రి నేను మందలించగా వాడు శాస్త్రం చెప్పాడు. ఎత్తు తగ్గితే కారు గరిమనాభి క్రిందికి దిగుతుంది. మలుపులో లోపలి చక్రాల నుండి వెలుపలి చక్రాల మీదికి మారే భారం తగ్గుతుంది. 1981లో ఫార్ములా వన్ కార్ల అడుగుకూ నేలకూ నడుమ 60 మిల్లీమీటర్ల ఖాళీ ఉండి తీరాలన్నారట. కాని కొలత తీసేది నిలిచిన కారుకే! బ్రాభం జట్టు రూపశిల్పి గోర్డన్ మర్రే, వేగంలో గాలి ఒత్తిడికి తానే క్రుంగి, వేగం తగ్గగానే మెల్లగా లేచే సస్పెన్షను కల్పించాడు. ఆ యేడు నెల్సన్ పికే ఆ జట్టు కారుతోనే ప్రపంచ విజేత అయ్యాడు. ప్రిన్సిపాలుగారు వచ్చినంతసేపే లేచి నిలబడే కొందరు విద్యార్థులు నాకు స్ఫురించారు.

"మర్రే కారులో అమ్మీ కూర్చోలేదు కదా" అన్నాను. వాడు మాట్లాడలేదు.

మరునాడు సహెరీ ముగియగానే జాకీ బయటికి వచ్చింది. నేను టార్చి పట్టాను. షాకబ్జార్బరు ఒంటిపై మరచుట్లు, వాటిపై రెండు కంకణాలు: ఒకటి స్ప్రింగును మోసేది, రెండవది దానిని కదలనీయక బిగించేది. చుట్లలోని మట్టిని బ్రష్షుతో తుడిచి, కొక్కెపు స్పానరుతో బిగింపు వదలించి, మోసే కంకణాన్ని పైకి త్రిప్పాడు. దించిన కారు ఠీవిగా నిలబడగానే నేను సంతోషించాను. వాడు నవ్వాడు. జాకీ దించిన కారు అబద్ధమాడుతుందట! ముందుకూ వెనుకకూ నెట్టి చక్రాలు కుదురుకున్నాకనే కొలవాలి. అదీ చక్రపు నడిబొడ్డు నుండి పై రెక్క అంచు వరకు, నడిపేవాని బరువుతో. కనుక నన్ను బస్తావలె కూర్చోబెట్టాడు.

కుడి ఎడమలు సరిపడలేదు. మా వీధి మురుగుకాలువ వైపు వాలి ఉన్నదని ముప్పైయేళ్లుగా నేను గమనించనేలేదు. పక్కవీధి రైసుమిల్లు సిమెంటు కళ్లంలో కొలతలు సరిచేసుకొని, ఇరవై ఐదు మిల్లీమీటర్లు లేపి వచ్చాము. ఎత్తు మారితే చక్రాల దిశ కూడ మారుతుంది గనుక అలైన్‌మెంటు మిగిలింది.

"పందెం నాడు మళ్లీ దించుతావా?" అన్నాను.

"ముందు అమ్మీని పిలువండి, భాయిజాన్."

ఆమె వచ్చి కూర్చున్నది. కాళ్లు బయట మోపి, తలుపు పట్టుకొని, మా చేతులు అందుకోకుండా లేచింది. ఒక్క క్షణం సీటువైపు చూచి, "ఇంకొంచెం" అన్నది.

వాడు మారుమాట లేక జాకీ అందుకున్నాడు.