పగలు బండ్లకు, రాత్రి మాకు

మా ముగ్గురిలో పెద్దవారు పదవీ విరమణ చేసి రెండేళ్లయింది. మెషిన్ షాపులో మాకు పని నేర్పినవారు కనుక ఇప్పటికీ గురువుగారనే పిలుస్తాము. తన పాత బుల్లెట్ మీద ఒక్కసారి హిమాలయాలలోని బారాలాచా కనుమను చేరాలన్నది ఆయన చిరకాల వాంఛ. కానీ నడుము నొప్పి వల్ల దూర ప్రయాణాలకు మోటారు సైకిలు నడపరాదని వైద్యులు హెచ్చరించారు. హైదరాబాదు నుండి మనాలికి సుమారు 2,100 కిలోమీటర్లు. బండ్లను రైలులో పంపవచ్చును గాని, కొండల్లో ఆయన నడుము వాల్చడానికి చోటు కూడా కావాలి. అందుచేత సరుకులు చేరవేసే పాత వ్యాను ఒకటి కొని, పగలు అందులో రెండు బండ్లను తీసుకువెళ్లి, రాత్రి దానినే పడకగదిగా వాడుకోవాలని నిశ్చయించాము.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మన ఇష్టానుసారం మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. కనుక మేము కిటికీలు కోయలేదు, సీట్లు చేర్చలేదు. అమర్చినదంతా విప్పి తీసివేయగలిగినదే. నేలపై ప్లైవుడ్ పలకలు పరచి, ముందు చక్రాలు కదలకుండా ఇనుప చట్రాలు చేయించాము. బరువు వెనుక ఇరుసుకు ముందే పడేటట్లు చూసుకున్నాము. ఎక్కించడానికి ఒక అల్యూమినియం పలక, ఒక్కొక్క బండికి నాలుగు రాచెట్ బెల్టులు సమకూర్చుకున్నాము. ప్రయాణంలో ముగ్గురమూ ముందు క్యాబిన్‌లోనే కూర్చున్నాము.

తొలి పరీక్షలోనే మాకు గుణపాఠం లభించింది. కాలనీ గేటు వద్ద స్పీడ్ బ్రేకర్ దాటగానే వెనుక పెద్ద చప్పుడయింది. చూస్తే బుల్లెట్ పక్కకు ఒరిగి ఉన్నది. పక్క స్టాండు వేసి, హ్యాండిల్‌కు బెల్టులు బిగిస్తే చాలుననుకున్నాము. కుదుపుకు ముందు ఫోర్కు కుంగగానే బెల్టులు వదులయ్యాయి. గురువుగారు కోప్పడలేదు. స్టాండు తీయించి, బండిని నిటారుగా నిలిపి, ఫోర్కు సగం కుంగేవరకు బెల్టులు బిగించి చూపించారు. ఆ తరువాత మనాలి వరకు బండి అంగుళమైనా కదలలేదు.

నాగపూర్ దాటాక ఒక రాత్రి జోరున వాన. బండ్లు దించకుండానే వాటి పక్కన సర్దుకుని పడుకుందామని మేము ప్రతిపాదించాము. తలుపు తీయగానే గుప్పుమన్న పెట్రోలు వాసన చూసి గురువుగారు ఒప్పుకోలేదు. వాన తగ్గేవరకు క్యాబిన్‌లో కూర్చుని, ఆపై బండ్లు దించి, తలుపులు తెరచి అరగంట గాలి ఆడనిచ్చాకే పలకలతో మంచం అమర్చుకున్నాము. బండ్లు దిగనిదే పక్క పరచరాదు, లోపల స్టవ్ వెలిగించరాదు అన్నవి ఆనాటి నుండి మా నియమాలయ్యాయి.

మనాలిలో బండ్లు దించాము. గురువుగారు, మాలో ఒకరు అనుమతి పత్రం తీసుకుని 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహతాంగ్ కనుమ మీదుగా సాగారు. వ్యాను 2020లో ప్రారంభమైన అటల్ సొరంగం గుండా వెళ్లింది. సాయంకాలం సిస్సూలో కలుసుకున్నప్పుడు గురువుగారి ముఖంలో అలసట కంటే ఆనందమే ఎక్కువగా కనిపించింది. మరునాడు తాండీ వద్ద చంద్రా, భాగా నదులు కలిసి చీనాబ్‌గా మారే సంగమాన్ని చూసి, భాగా ఒడ్డునే జిస్పా చేరి రెండు రాత్రులు ఉన్నాము.

మూడవ నాటి ఉదయం ఆయన బుల్లెట్ ముందు, మా వ్యాను వెనుక. సుమారు 4,890 మీటర్ల ఎత్తున ఉన్న బారాలాచా ఆనాటి గమ్యం. అయితే జింగ్‌జింగ్‌బార్ చేరేసరికి గురువుగారికి తీవ్రమైన తలనొప్పి, వికారం మొదలయ్యాయి. కనుమ ఇంకా కొద్ది దూరమే. ఇంత దూరం వచ్చి వెనుదిరుగుదామని చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఆయనే ఇంజను ఆపి, “పలక దించండి” అన్నారు. ఎత్తు ప్రదేశాలలో ఇటువంటి లక్షణాలు కనిపిస్తే పైకి పోరాదు, కిందికి దిగడమే తొలి చికిత్స. బండిని నాలుగు నిమిషాలలో ఎక్కించి, ఆయనను క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని జిస్పాకు మరలాము.

సాయంకాలానికి తలనొప్పి తగ్గింది. మేము కట్టిన ఆ మంచం మీద పడుకుని, తెరచిన తలుపులోంచి నదిని చూస్తూ గురువుగారు అన్నారు: “కనుమ ఎక్కడికీ పోదయ్యా. ఈసారి ఇక్కడ ఇంకో రెండు రోజులు ఎక్కువ ఉందాం.”

వ్యానును మేము అమ్మలేదు. బెల్టులు శుభ్రం చేసి చుట్టిపెట్టాము. ఈసారి సెలవు రెండు రోజులు ఎక్కువగా అడగవలసి ఉన్నది.