చెబితే లాక్కోను

పిన్నిగారూ, తోడుకి కాస్త పెరుగుంటే ఇస్తారా? పాలు కాచి దించి వచ్చాను. ఉన్న పెరుగంతా రాత్రి మా వాడే తినేశాడు. పోనీలెండి, నాలుగు రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

మీకు చెప్పనేలేదు కదూ! వాడు ఫోన్లో ఆడే ఆటలో ఎవడో పరిచయమయ్యాడట. తమ్ముడూ తమ్ముడూ అంటూ కబుర్లు చెప్పేవాడట. ఆటలో వాడే డైమండ్లు ఉచితంగా వేయిస్తాను, మీ నాన్న ఫోనుకొచ్చే ఓటీపీ చెప్పమన్నాడట. వీడు చదివి చెప్పేశాడు. 2,400 రూపాయలు పోయాయి. భయపడి ఆ మెసేజ్ కూడా తీసేశాడు. నిన్న ఆయన బ్యాలెన్స్ చూసుకుంటేగానీ బయటపడలేదు.

డబ్బు సంగతి అటుంచండి. ఆ నాలుగు రోజులూ అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు. ఎండదెబ్బేమో అనుకున్నాను. ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, ‘చెబితే ఫోన్ లాక్కుంటావుగా అమ్మా’ అన్నాడు. నిజమే. కిందటి నెల మార్కులు తగ్గాయని లాక్కుని బీరువాలో పెట్టింది నేనే. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు పిన్నిగారూ.

వెంటనే 1930కి ఫోన్ చేశాం. ఆన్‌లైన్లో మోసపోయి డబ్బు పోగొట్టుకుంటే దేశమంతటికీ అదే నంబరు. డబ్బు చేతులు మారకముందే చేస్తే ఆపించే వీలు ఎక్కువట. మేం నాలుగు రోజులు ఆలస్యం. ఆ ఆలస్యం నా కోపం వల్ల వచ్చిందే.

అందుకే వాడికి మాటిచ్చాను. ఏం జరిగినా సరే, చెప్పినందుకు మాత్రం ఫోన్ లాక్కోను అని. తర్వాత పక్కన కూర్చుని ఆ ఆటేమిటో చూపించమన్నాను. ఎంత సంబరపడ్డాడో! ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజ్‌లు రాకుండా ఇద్దరం కలిసే ఆపేశాం.

మీ మనవరాలు ఇన్‌స్టాగ్రామ్ అడుగుతోందన్నారు కదా. దానికింకా పదకొండేళ్లే. 13 నిండనిదే అందులో చేరకూడదు. క్లాసులో పిల్లలు పుట్టిన సంవత్సరం మార్చి చేరిపోతున్నారట. అలా చేయడానికి మాత్రం ఒప్పుకోకండి. అసలు వయసు చెబితే ఖాతా ప్రైవేటుగానే మొదలవుతుంది. 16 లోపు పిల్లలు ఆ కట్టుబాట్లు సడలించాలంటే పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. పెద్దదాన్నని రాస్తే ఆ కాపలా ఉండదు. రేపెవడైనా ఫొటో అడిగి బెదిరిస్తే పిల్ల ఒంటరిదైపోతుంది. 1098 పిల్లల సాయానికున్న నంబరే, గోడమీద రాసిపెట్టండి. కానీ పిల్ల ముందు మీ దగ్గరికి రావాలి కదా!

ఇక మీ ఇంట్లో చంటివాడికి మాత్రం అన్నం తినిపించడానికి ఫోన్ ఇవ్వకండి. రెండేళ్ల లోపు వద్దనే పిల్లల డాక్టర్లు చెబుతారు. డాలస్ నుంచి వాళ్ల అత్త వీడియో కాల్ చేస్తే చూపించండి, అది వేరు. మనిషి పలకరిస్తుంది, వాడూ నవ్వుతాడు.

ఇటివ్వండి గిన్నె. పాలు చల్లారిపోతే తోడుకోవు. సాయంత్రం పిల్లని పంపండి, ఆ సెట్టింగులు మా వాడే చూపిస్తాడు.