గిర్ అడవిలో దానియేలు నాటి సింహము

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీర గ్రామాల నుండి ఎందరో మత్స్యకార సోదరులు గుజరాతులోని వెరావల్ రేవుకు వెళ్ళి బోట్ల మీద పనిచేస్తారు. అక్కడున్న మన విశ్వాసులను పరామర్శించుటకు సంఘము తరఫున మేము ముగ్గురము వెళ్ళాము. ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరుడు, "అయ్యగారూ, ఇంత దూరం వచ్చారు. సింహాలున్న అడవి ఇక్కడికి దగ్గరే. నేను తోడు వస్తాను, చూసి వెళ్ళండి" అన్నాడు.

మరునాడు బస్సులో సాసన్ గిర్ చేరుకున్నాము. అటవీశాఖ వారికి రుసుము చెల్లించి జీపులో అడవిలో ప్రవేశించాము. ఎండిన టేకు చెట్లు, ముళ్ళ పొదలు, రాళ్ళు. ఒక మలుపులో జీపు ఆగింది. చెట్టు నీడలో ఒక ఆడసింహము, రెండు పిల్లలు! తల్లి మావైపు ఒకసారి చూసి, తల తిప్పుకొని, పిల్లను నాకసాగింది. మాకెవరికీ నోట మాట రాలేదు.

బైబిలు చదివే మనకు సింహము కొత్తది కాదు. తిమ్నాతు ద్రాక్షతోటల దగ్గర సమ్సోను ఎదుర్కొన్నది, మందను కాస్తూ దావీదు చంపినది, బబులోను గుహలో దానియేలును ముట్టనిది ఈ ఆసియా సింహమే. ఒకప్పుడు ఇవి కనాను దేశము మొదలుకొని ఉత్తర భారతదేశము వరకు తిరిగేవి. పాలస్తీనాలో మధ్యయుగాలలోనే అంతరించాయి. తుపాకులు వచ్చాక ఇరాక్, ఇరాన్‌లలోను, మన ఉత్తరాదిలోను వేట వాటిని తుడిచిపెట్టింది. నేడు భూమి అంతటిలో ఇవి స్వేచ్ఛగా సంచరించేది గుజరాతులోనే. జునాగఢ్ నవాబులు వేటను కట్టడి చేసినందున ఇక్కడ కొద్దిపాటి మిగిలాయి. 1965లో గిర్ అభయారణ్యమైంది. 2020లో 674గా ఉన్న లెక్క 2025లో 891కి పెరిగింది. దేవునికి స్తోత్రము!

అడవిలో గేదెలను మేపుకునే మాల్ధారీలను కలిశాము. సింహము గేదెను చంపితే ప్రభుత్వము పరిహారమిస్తుంది. దాని మీద కోపము లేదా అని ఒక ముసలాయనను మా సహోదరుని ద్వారా అడిగించాము. "దాని అడవిలో మేము మేపుకుంటున్నాం. అప్పుడప్పుడు ఒకటి తీసుకుంటుంది" అన్నాడు.

అయినా ఆపద తొలగలేదు. 2007లో వేటగాళ్ళు ఉచ్చులు పన్ని కొన్ని సింహాలను చంపి గోళ్ళు, ఎముకలు తీసుకుపోయారు. పొలాల చుట్టూ పెట్టిన కరెంటు తీగలు తగిలి, గట్టులేని బావులలో పడి మరికొన్ని చచ్చాయి.

గోళ్ళ మాట వినగానే మన ఊళ్ళు జ్ఞాపకము వచ్చాయి. పసిబిడ్డకు దిష్టి తగలకుండా, భయము పట్టకుండా పులిగోరును బంగారములో పొదిగించి మెడలో వేసే అలవాటు కొన్ని విశ్వాస కుటుంబాలలో సైతము ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. ప్రియులారా, చట్టము మాట అటుంచండి. బిడ్డను కాపాడేది గోరా, ప్రభువా? కొనేవాడు లేకపోతే ఉచ్చు పన్నేవాడు ఉండడు. గిర్‌లో సింహము చచ్చినా, మన నల్లమలలో పులి చచ్చినా, ఆ నెత్తురులో గోరు కొన్నవానికి కూడ భాగమున్నది. అడవిపందుల కొరకు చేలో వేసే కరెంటు తీగ కూడ అటువంటిదే. అది పందినే కాదు, చిరుతను, పులిని, ఒక్కొక్కసారి పక్కచేను రైతును కూడ బలి తీసుకుంటుంది.

సింహపు పిల్లల ఆకలిని తీర్చేది దేవుడేనని 104వ కీర్తన మనకు బోధిస్తున్నది. ఆయన పోషించే ప్రాణిని ఒక నగ కొరకు చంపించవచ్చునా? ఈ వారము కుటుంబ ప్రార్థనలో ఆ కీర్తనను మీ పిల్లలచేత చదివించండి. వారి మెడలో ఏమి వేస్తున్నారో కూడ ఒకసారి చూడండి. ప్రభువు మీ గృహములను కాపాడును గాక.