లెక్కింపరాని నీళ్లు

చెన్నపట్టణమున వాషర్‌మెన్‌పేటకు ఆ పేరు నీటి పనివలన వచ్చినది. కుంఫిణీవారి కాలమున ఎగుమతి వస్త్రములను ఉతికి చలువచేయు చాకలివారు ఇచట కాపురముండుటచే ఇది వారి పేట యైనది. అట్టి పేటయందే 2019 వేసవిలో నగరపు జలాశయములు ఎండిపోగా, జనులు బిందెడు నీటికై తెల్లవారుజామునే వీథులలో బారులు తీరిరి.

ఆ దినములలో మేము ఈ ప్రాంతపు కళాశాల విద్యార్థులకు ఆంగ్లము బోధించుచుంటిమి. లోకమునకెల్ల సంబంధించిన సమస్యలను చర్చింపజేయుచు భాష నేర్పుట మా పద్ధతి. చెప్పవలసిన విషయమున్నపుడే వ్యాకరణము పట్టుబడునని మా విశ్వాసము. ఆ విశ్వాసము తప్పు కాదు గాని, విషయమును మేము మిక్కిలి దూరమున వెదకితిమి.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున 2018లో కుళాయిలు కట్టివేయవలసిన దినము సమీపించిన వైనమును చదివించి, నీటి యెద్దడిపై వ్యాసము వ్రాయుడంటిమి. అందరును చక్కగనే వ్రాసిరి; కాని ఒకరి వ్యాసమునకును మఱియొకరి వ్యాసమునకును భేదము లేదు. ఒక్క తెలుగింటి బాలిక మాత్రము తన వీథిని గూర్చి వ్రాసెను. మొదటి వాక్యము ‘వాటర్స్ ఆర్ నాట్ కమింగ్’ అని యుండెను. మేము ఎఱ్ఱసిరాతో దిద్ది, ఆంగ్లమున నీరు లెక్కింపరాని నామవాచకమనియు, ఇచట బహువచనము కూడదనియు తెలిపితిమి.

“మా ఇంట్లో నీళ్లు వచ్చాయి అనే అంటాం గదా సార్! పైగా మా వీధిలో నీళ్లు లెక్కపెట్టే ఇస్తారు, ఇంటికి ఇన్ని బిందెలని” అని యామె వినయముగనే పలికెను.

తరగతి నవ్వెను. మాకు నవ్వు రాలేదు. తెలుగున నీళ్లు, పాలు నిత్యబహువచనములు. ఆ తప్పు అజ్ఞానమువలన గాక, ఇంటి భాషవలన వచ్చినది. తక్కిన వ్యాసములలో అట్టి తప్పు లేకుండుటకు కారణము, వానిలో ఎవరి యిల్లును లేకుండుటయే.

మరునాటినుండి పాఠమును వీథినుండి మొదలిడితిమి. ఇంటి పెద్దల మాటలను వారి భాషలోనే వ్రాసికొని వచ్చి, పిదప ఆంగ్లమున చెప్పవలెనని నియమించితిమి. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడికను, 1996లో కృష్ణాజలము పూండి జలాశయమును చేరుటను, 2019 జూలై 12న జోలార్‌పేట్టైనుండి 25 లక్షల లీటర్ల నీటితో వచ్చిన రైలును గూర్చి చదివితిమి. నీటిని మానవహక్కుగా 2010లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధిసభ గుర్తించిన సంగతియు చర్చకు వచ్చెను. ‘నీరు సరఫరా చేయబడును’ అను కర్మణిప్రయోగమున చేయువా డెవడని యడిగినపుడు, వ్యాకరణ ప్రశ్న పౌరుని ప్రశ్న యయ్యెను.

ఆ బాలిక తన అవ్వ మాటను తెచ్చెను: “కృష్ణమ్మ మన వెంట ఇంతదూరం వచ్చింది గాని, మన గడపదాకా రాలేదే తల్లీ!” దానిని ఆమె ఆంగ్లమున చక్కగా చెప్పెను. కాని కాగితముపై అవ్వ తెలుగుమాట తమిళలిపిలో నుండెను. ఆమెకు తెలుగక్షరములు రావు. లోకమునకు చెప్పుటకు భాష యున్నది. అవ్వ మాటను ఉన్నదున్నట్లు నిలుపుటకు లిపి లేదు.

నాటినుండి తరగతి ముగిసిన పిదప కొలది నిమిషములు ఓనమాలకు కేటాయించితిమి. ఆమెతో మఱి యిద్దరు ముగ్గురు కూర్చుండిరి. ఏడాది ముగియునాటికి ఆమె ‘నీళ్లు’ అని తప్పులేకుండ వ్రాయగలిగెను. ళకు లావత్తు పెట్టుటలో మాత్రము చాలనాళ్లు తడబడెను.

మన పిల్లలు ఆంగ్లమున లోకముతో మాటలాడవలెనని మనమందరము కోరుచున్నాము. తగిన కోరికయే. అయితే ఆ మాటకు వలయు సరకు మన వంటయింటను, వీథి కుళాయియొద్దను కలదు. అవ్వలు చెప్పునంతకాలము వ్రాసికొనుటకు మన పిల్లలకు అక్షరములు నేర్పుదము. ఎఱ్ఱసిరా వాడుటకు ముందు, ఆ తప్పు ఏ యింటినుండి వచ్చినదో యడుగుట మేము ఆ బాలికవలన నేర్చుకొంటిమి.