పది గజాల కోసం

మనవైపు గజాల లెక్క స్థలాలు కొనేటప్పుడే వినబడుతుంది. గజం ఎంత, కార్నర్ బిట్టా, రోడ్డు ఎన్ని అడుగులు... అంతవరకే. డాలస్ పక్కనున్న మా ఇంట్లో మాత్రం సెప్టెంబర్ నుంచి జనవరి దాకా ప్రతి ఆదివారం గజాల గొడవే. మూడు వచ్చాయా, ఇంకా ఏడు కావాలా, అరగజంలో పోయిందా! మా ఆయన క్రికెట్ మనిషి. లాప్‌టాప్ పట్టుకుని పక్క గదిలోకి పోతూ "మొదలైందా నీ రియల్ ఎస్టేట్" అంటారు.

ఫోన్‌లో మా నాన్న అడిగే ప్రశ్న వేరు. "బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటని ఫుట్‌బాల్ అంటారేమిటమ్మా?" నిజమే, కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. నేను ఆయనకి చెప్పే లెక్క ఇది: నీ చేతిలో బంతి ఉంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు. వెళ్ళలేకపోతే బంతి అవతలివాళ్ళది. అలా పాకుతూ, తోసుకుంటూ, విసురుతూ అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. "అంటే కబడ్డీయే కదా, కూత ఒక్కటే తక్కువ" అన్నాడు నాన్న. అంత బాగా చెప్పినవాళ్ళని నేనింకా చూళ్ళేదు. కాకపోతే ఈ కబడ్డీలో ప్రతి కూతకీ ముందు చదరంగం ఎత్తు వేసుకుంటారు. మూడు గంటలు టీవీ ముందు కూర్చుంటే బంతి నిజంగా కదిలేది పదకొండు నిమిషాలేనని లెక్కగట్టినవాళ్ళున్నారు. మిగతాదంతా ఆలోచన, ఎదురుచూపు, బోలెడన్ని ప్రకటనలు.

నాకీ పిచ్చి పట్టించింది మేమొచ్చిన కొత్తలో పక్కింట్లో ఉండే పెద్దావిడ. 2009లో థాంక్స్‌గివింగ్ రోజున భోజనానికి పిలిచింది. ఆ రోజు కౌబాయ్స్ ఆడటం 1966 నుంచీ వస్తున్న ఆనవాయితీ, మధ్యలో రెండేళ్ళు తప్ప. మనకి సంక్రాంతికి కోడిపందేలెలాగో టెక్సాస్‌వాళ్ళకి అదలాగ. నాకేం అర్థంకాక బంతి ఎక్కడుందా అని వెతుక్కుంటుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "బంతిని చూడకు. దాని వెనక వంగి కూర్చున్న ఆ ఐదుగురినీ చూడు" అంది.

ఆ రోజు నుంచీ నేను చూసేది ఆ ఐదుగురినే. వాళ్ళని ఆఫెన్సివ్ లైన్ అంటారు. ఒక్కొక్కడు నూట నలభై కిలోలకి అటూ ఇటూ ఉంటాడు. వాళ్ళ పని బంతి పట్టుకోవడం కాదు, విసరడం కాదు. వెనక నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవణ్ణీ రానివ్వకపోవడం, పరిగెత్తేవాడికి సందు చెయ్యడం. గంటసేపు అవతలి కొండల్ని ఢీకొంటూనే ఉంటారు. స్కోరుబోర్డు మీద వాళ్ళ పేరుండదు. కామెంటేటర్ నోట వాళ్ళ పేరు వినబడిందంటే ఏదో తప్పు చేశారని అర్థం. మన ఇళ్ళలో పొద్దున్నే లేచి అందరికీ బాక్సులు కట్టేవాళ్ళ పేరు, కూరలో ఉప్పెక్కువైన రోజునే కదా వినబడేది!

2014లో డిమార్కో ముర్రే 1,845 గజాలు పరిగెత్తి జట్టు రికార్డు కొట్టాడు. ఎమిట్ స్మిత్ లాంటివాడు ఆడిన జట్టులో అది చిన్న మాట కాదు. పేపర్లన్నీ ముర్రే బొమ్మలే. నాకు మాత్రం అతని ముందు గోడలా నిలబడ్డ టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, ఆ ఏడాదే కొత్తగా వచ్చిన జాక్ మార్టిన్ కనబడేవాళ్ళు. మార్టిన్ 2025లో రిటైరయ్యేదాకా కౌబాయ్స్‌కే ఆడాడు. అవతలివాణ్ణి అక్రమంగా పట్టుకుంటే 'హోల్డింగ్' అని శిక్ష వేస్తారు. ఇన్నేళ్ళ కెరీర్‌లో అతనికి పడినవి ఏడే ఏడు! లీగ్ అంతటిలో మేటి ఆటగాళ్ళకిచ్చే ప్రో బౌల్ గౌరవం మాత్రం తొమ్మిదిసార్లొచ్చింది. తప్పుల కంటే సన్మానాలే ఎక్కువన్నమాట. ఫ్రెడరిక్‌కి 2018లో నరాలని దెబ్బతీసే గిలాన్ బారే జబ్బొచ్చి ఏడాదంతా ఆడలేకపోయాడు. మళ్ళీ లేచొచ్చి 2019 అంతా ఆడి, ఇరవై తొమ్మిదేళ్ళకే చాలనుకున్నాడు. ఆ నిర్ణయం తీసుకున్నందుకు నాకతనంటే ఇంకా ఇష్టం పెరిగింది. ఆగిపోవడం తెలిసినవాళ్ళు ఈ ఆటలో తక్కువ.

ఎందుకు తక్కువో ఇక్కడివాళ్ళు చెప్పుకునే కథలు వింటే తెలుస్తుంది. 1994 జనవరి 2న ఎమిట్ స్మిత్ భుజం కీలు తప్పినా, న్యూయార్క్ జెయింట్స్ మీద ఆట చివరిదాకా ఆడి గెలిపించాడు. ఆ రోజు మొత్తం 229 గజాలు. ఈ కథ డాలస్‌లో ఏ మంగలి షాపులో కూర్చున్నా పురాణంలా చెబుతారు. నాకూ వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది, అబద్ధమెందుకు! అదే నెలలో మూడు వారాల తర్వాత క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఐక్‌మన్ తలకి అవతలివాడి మోకాలు తగిలింది. ఆ రాత్రి ఆసుపత్రిలో తన ఏజెంటుని అవే ప్రశ్నలు పదే పదే అడిగాడట. ఎక్కడున్నాను, గెలిచామా, నేను బాగా ఆడానా అని. వారం తిరక్కుండానే సూపర్ బౌల్ ఆడాడు. కౌబాయ్స్ గెలిచారు. రెండో కథ పూర్తిగా చెప్పేవాళ్ళు తక్కువ. గెలుపు చెబుతారు, ఆసుపత్రి గది వదిలేస్తారు.

ఆ గది సంగతి అడిగింది ఎక్కడో నైజీరియా నుంచి వచ్చిన డాక్టర్. పేరు బెనెట్ ఒమాలు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కి సెంటర్‌గా ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభయ్యేళ్ళకే చనిపోయాడు. చివరి రోజుల్లో మతి నిలకడ లేక, ట్రక్కులో పడుకునే స్థితికొచ్చాడు. సెంటర్ అంటే నేను చూసే ఆ ఐదుగురిలో నడిమివాడు. అతని మెదడుని పరీక్షించి, దెబ్బల మీద దెబ్బలు తిన్న మెదడులో పేరుకునే జబ్బుని ఒమాలు బయటపెట్టాడు. దాన్ని సిటిఇ అంటారు. 2005లో ఆయన వ్యాసం వస్తే లీగ్ డాక్టర్లు దాన్ని వెనక్కి తీసుకోమన్నారు. 2017లో బోస్టన్ యూనివర్సిటీవాళ్ళు 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళు చూస్తే 110 మందిలో అది కనబడింది. అనుమానమున్న కుటుంబాలే మెదళ్ళని దానం చేస్తాయి కాబట్టి ఆటగాళ్ళందరికీ ఈ లెక్క వర్తించదు. అయినా నూట పదకొండులో నూట పది!

మాజీ ఆటగాళ్ళు కేసు వేశారు. లీగ్ పరిహారానికి ఒప్పుకుంది. అందులోనూ ఒక మెలిక. నల్లవాళ్ళ తెలివితేటలు మొదట్నించీ తక్కువేనన్నట్టు వేరే కొలత పెట్టి పరీక్షలు దిద్దారు. దాంతో దెబ్బ తగిలి తగ్గిందని రుజువు చేసుకోవడం వాళ్ళకి కష్టమైంది. లీగ్‌లో సగానికి పైగా నల్లవాళ్ళే. 2021లో గొడవయ్యాక గానీ అది మానేస్తామనలేదు. ఆట మీద ప్రేమ వేరు, ఆట నడిపేవాళ్ళ మీద నమ్మకం వేరు అని నేననేది ఇందుకే.

కోట్లు సంపాదిస్తున్నారుగా అంటారు మనవాళ్ళు. పైనున్న పిడికెడుమంది సంపాదిస్తారు. ఆటగాళ్ళ సంఘం లెక్క ప్రకారం సగటు కెరీర్ మూడేళ్ళు దాటీ దాటకుండా ఉంటుంది. పెన్షన్ రావాలంటే మూడు సీజన్లు ఉండాలి. ఒప్పందంలో రాసిన డబ్బంతా చేతికొస్తుందన్న హామీ చాలామందికి లేదు. అభిమానుల ప్రేమకీ అంతే గ్యారంటీ. మా వాడు రెండేళ్ళు మైకా పార్సన్స్ 11వ నంబర్ జెర్సీ ఉతకనివ్వకుండా వేసుకున్నాడు. 2025 ఆగస్టులో కౌబాయ్స్ అతణ్ణి గ్రీన్ బేకి ఇచ్చేశారు. వాడు ఆ జెర్సీ మడతపెట్టి అలమర అడుగున పెట్టాడు. పారెయ్యలేదు.

వాడి సంగతే ఇప్పుడు మా ఇంట్లో సమస్య. వచ్చే ఆగస్టుకి ఏడో క్లాసు. టెక్సాస్‌లో బడి తరఫున ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుని ఆడే అసలు ఫుట్‌బాల్ ఆ క్లాసులోనే మొదలు. ఇంటికి కాగితాలొచ్చాయి. డాక్టర్ పరీక్షకి ఒకటి, అనుమతికి ఒకటి, తలకి దెబ్బ తగిలితే ఏమవుతుందో చదివి తెలుసుకున్నామని తల్లో తండ్రో సంతకం పెట్టాల్సింది ఇంకోటి. మొదటి రెండూ మా ఆయన నింపేశారు. మూడోది ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద మూడు వారాలుంది.

చిత్రమేమిటంటే, ఆడనిద్దామనేది ఆట గిట్టని మా ఆయన. వద్దనేది నేను. "వాడి స్నేహితులంతా ఆడుతున్నారు. రోజుకి రెండు గంటలు ఫోన్ వదులుతాడు. నీకు ఆదివారం చూడ్డానికి ఎవరి కొడుకో కావాలి, మనవాడు మాత్రం వద్దా?" అన్నారు.

ఆ మాట గట్టిగానే తగిలింది. వాళ్ళు పెద్దవాళ్ళు, తెలిసే ఆడుతున్నారు, పక్కన డాక్టర్లుంటారు అన్నాను. ఉంటారు కూడా. 2023 జనవరి 2న సిన్సినాటిలో డమార్ హామ్లిన్ ఒక టాకిల్ చేసి లేచి, రెండడుగులేసి వెల్లకిలా పడిపోయాడు. గుండె ఆగింది. మైదానంలోనే గుండె మీద నొక్కి బతికించారు. ఆ రాత్రి నేనూ మా వాడూ సోఫాలో పక్కపక్కనే ఉన్నాం. చుట్టూ మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తున్న ఆ భారీ మనుషుల్ని చూసి, "అమ్మా, వీళ్ళూ ఏడుస్తారా?" అన్నాడు. హామ్లిన్ ఆ ఏడాదే తిరిగొచ్చి ఆడాడు. కానీ పెద్దవాళ్ళు తెలిసే ఆడుతున్నారన్న నా వాదనలో ఒక చిల్లుంది. వాళ్ళలో చాలామంది మొదలుపెట్టింది మా వాడి వయసులోనే. ఆ వయసులో తెలిసి ఆడేదేముంది?

చివరికి నాకు దారి చూపించింది పాత ఆటగాళ్ళే. నిక్ బ్యూనికాంటి, హ్యారీ కార్సన్ లాంటివాళ్ళు 2018లో ముందుకొచ్చి, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి గుద్దులాట వద్దు, ఫ్లాగ్ ఫుట్‌బాల్ చాలు అన్నారు. నడుముకి కట్టిన పట్టీ లాగితే అవుటైనట్టే, పడెయ్యక్కర్లేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఉన్నదీ అదే. ఈ ఆటకి ఒళ్ళు ధారపోసినవాళ్ళు చెప్పిన మాట కాబట్టి నాకు పట్టింది.

వాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. మూడో కాగితం మీద సంతకం పెట్టను, శనివారాలు ఫ్లాగ్ లీగ్‌లో చేర్పిస్తాను, పద్నాలుగు నిండాక మళ్ళీ మాట్లాడుకుందాం అని. తలుపు విసిరికొట్టి గదిలోకెళ్ళాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాళ్ళ నాన్న "నీ ఇష్టం" అన్నారు, అంటే ఆయన ఇష్టం కాదని. మూడో రోజు రాత్రి వంటింట్లో నేను గిన్నెలు సర్దుతుంటే క్యాలెండర్ పట్టుకొచ్చాడు.

"అమ్మా, 2027 నవంబర్ 2కి నాకు పద్నాలుగు నిండుతాయి. ఎనిమిదో క్లాసు ఆఖరి మ్యాచ్ ఆ వారంలోనే ఉంటుంది. కోచ్‌ని అడిగాను."