గది ఖాళీ చేయించారట

వదినగారూ, కరివేపాకు కోస్తున్నారా? ఓ నాలుగు రెబ్బలు ఇటూ పడేయండి. పప్పు ఇప్పుడే దించాను, పది నిమిషాలు నిలబడొచ్చు. రాత్రినుంచీ ఒకటే సంగతి మనసులో తిరుగుతోంది, మీకు చెప్తే గానీ నిలవనివ్వదు.

మా పెద్దమ్మాయిని హైదరాబాదులో టీమ్ లీడ్‌ని చేశారని చెప్పాను కదా. పోయిన శుక్రవారం ఫోన్ చేసి ఒకటే ఏడుపు. వాళ్లలో ఒకాయనకి పదిహేనేళ్ల అనుభవం, పనిలో దిట్ట. కొత్త పద్ధతేదో వస్తే, పదిమంది ముందూ చేసి చూపించమన్నారట. ఆయనకి చేతులు ఆడలేదు, నోట మాట పెగల్లేదు. మా పిల్ల తొందరలో, “మీకే రాకపోతే ఎలాగండీ” అనేసింది, అందరూ వింటుండగా. మర్నాడే ఆయన సెలవు పెట్టేశాడు. ఫోన్లో దాన్ని ఊరుకోబెట్టడానికి నాకు ఒక్క మాట దొరకలేదు వదినగారూ. పడుకోమ్మా, పొద్దున్న చూద్దాం అన్నానంతే.

నిన్న రాత్రి మా చిన్నాడు టీవీలో ఏదో పెట్టాడు. ‘ద గ్రేటెస్ట్ నైట్ ఇన్ పాప్’ అని, 2024లో వచ్చింది. ‘వుయ్ ఆర్ ద వరల్డ్’ పాట ఎలా రికార్డు చేశారో ఆ కథ. ఇథియోపియాలో కరువొచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే, విరాళాల కోసం చేసిన పాట. బెలఫాంటే అని పెద్ద గాయకుడు, ఆయనకొచ్చిన ఆలోచన. మైకేల్ జాక్సన్, లయొనెల్ రిచీ కలిసి రాశారు. 1985 జనవరి 28న లాస్ ఏంజలెస్‌లో అవార్డుల పండగ. పెద్దపెద్దవాళ్లంతా ఆ రాత్రి ఊళ్లోనే ఉంటారు గనక, అది అవగానే నలభైమందికి పైగా స్టూడియోలో చేరారు. తెల్లారేసరికి పని ముగించాలి. మళ్లీ అందరూ ఒకచోట దొరకరు.

వాళ్లందరినీ నడిపించినాయన క్విన్సీ జోన్స్. ‘థ్రిల్లర్’ ఆల్బం చేయించింది ఆయనే. గుమ్మం దగ్గర ఓ కాగితం అంటించాడట, మీ గొప్పలు ఇక్కడే విడిచి రండి అని. చెప్పులు విడిచినట్టు! కానీ కాగితం అంటిస్తే పోతుందా అహం? ఆయన చేసిన అసలు పని వేరే ఉంది. ఎవరి గొంతుకి ఏ ముక్క అతుకుతుందో పాటల అమరిక చూసే మనిషితో ముందే లెక్క తేల్చుకున్నాడు. విడిగా పాడేవాళ్లకి తలా ఓ చిన్న ముక్క. ఎవరు ఎక్కడ నిలబడాలో నేలమీద పేర్లు రాసి అతికించారు. నేనెక్కడ, ఆవిడ ముందా నేను ముందా అనే మాటకి చోటే లేదు. వేర్వేరు గదుల్లో కాకుండా అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పాడించాడు.

మీరన్నది నిజమే, తిరువయ్యారు ఆరాధనలో మహామహులంతా నేలమీద కూర్చుని పంచరత్నాలు పాడినట్టే ఉంది. కాకపోతే అక్కడ అందరికీ వచ్చిన కృతులు. ఇక్కడ కొత్త పాట, గొంతులు ఒకదానికొకటి పొత్తు లేనివి. అందుకే భయం.

సిండీ లాపర్ పాడుతుంటే ఏదో గలగల చప్పుడొస్తోంది. పరికరాలన్నీ వెతికారు. చివరికి చూస్తే, ఆవిడ మెళ్లో, చేతులకి ఉన్న నగలు! ఎవరూ కసురుకోలేదు. ఆవిడే నవ్వుకుంటూ తీసి పక్కన పెట్టేసింది.

నన్ను కూర్చోబెట్టేసింది మాత్రం బాబ్ డిలన్ సంగతి. తర్వాత 2016లో సాహిత్యానికి నోబెల్ ఇచ్చారే, ఆ డిలనే. అందరితో కలిసి పాడేటప్పుడే బిక్కమొహం వేసుకుని, తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు. తన ఒంటరి ముక్క వచ్చేసరికి గొంతు రాలేదు. అంతమంది గొప్ప గాత్రాల ముందు తన గొంతేమిటనుకున్నాడో ఏమో. అప్పుడు క్విన్సీ ఏం చేశాడంటే, పనిలేనివాళ్లని బయటికి పంపి గది ఖాళీ చేయించాడు. స్టీవీ వండర్ పియానో దగ్గర కూర్చున్నాడు. ఆయనకి కళ్లు కనపడవు, కానీ చెవులు చూడండి! డిలన్ పాడితే ఎలా ఉంటుందో అచ్చం ఆ గొంతుతోనే పాడి వినిపించాడు. నీ ముక్క నీలాగే పాడు నాయనా అన్నట్టు. అంతే, డిలన్‌కి దారి దొరికింది. పాడేశాక, బాగా రాలేదని తనే అన్నాడు. క్విన్సీ వెళ్లి కావలించుకున్నాడు. అప్పుడు ఆ మొహంలో వచ్చిన నవ్వు చూడాలి వదినగారూ, నాకు కళ్లు చెమర్చాయి.

అలాగని ఆ రాత్రి అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. షీలా ఈ అని ఒకమ్మాయి వచ్చింది. ప్రిన్స్ అనే ఇంకో పెద్ద గాయకుణ్ణి రప్పించడానికే తనని పిలిచారని తోచి, మనసు కష్టపెట్టుకుని మధ్యలోనే వెళ్లిపోయింది. ఆ పిల్ల బాధ నిజం. డిలన్‌ని అంత కనిపెట్టుకున్న చోటే ఈ అమ్మాయి సంగతి ఎవరికీ పట్టలేదు. నాకది బాగా గుచ్చుకుంది.

టీవీ కట్టేసి వెంటనే అమ్మాయికి ఫోన్ చేశాను. పన్నెండు దాటినా అదీ నిద్రపోలేదు. మొత్తం చెప్పాను. క్షమించమని అడగడం ఎలాగూ అడుగుతావు, కానీ ఆయనకి పని రాక కాదే, పదిమంది చూస్తుంటే రాలేదు అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అమ్మా, డిలన్ పక్కన నిలబడ్డానికి స్టీవీ వండర్‌నే ఎందుకు ఎంచుకున్నారు అని అడిగింది. ఆయన పాట మీద ప్రేమున్నవాడు కాబట్టి అని చెప్పాను. వాళ్లెందుకు ఎంచుకున్నారో గానీ, ఆ అనుకరణలో ఉన్నది ప్రేమే వదినగారూ, వెక్కిరింత కాదు.

పొద్దున్నే మెసేజి పెట్టింది. ఆయనతో మాట్లాడిందట, రేపు వస్తున్నారట. పెద్ద హాలు వద్దని ముగ్గురు పట్టే చిన్న గది తీసుకుంది. మూడో కుర్చీలో ఎవరుంటే మీకు బాగుంటుందని ఆయన్నే అడిగిందట.